పక్క మాట

ఫిబ్రవరి 3, సోమవారం

పెద్ద లైబ్రేరియన్ గారు నిచ్చెన మీద నుంచి పడ్డారు. పై అరలో ఉన్న బైండు చేసిన జర్నళ్ల దుమ్ము తనే దులుపుతానని ఎక్కారు. "మీరు దిగండి సార్, నేనెక్కుతాను" అందామనుకున్నాను. ఆ మాట నా నోట్లో తయారయ్యేలోపే ఆయన కింద ఉన్నారు. కాలు విరిగింది. వేసవి దాకా మంచం దిగకూడదట.

ఇక కింద రీడింగ్ హాలు, పుస్తకాల గది, మేడ మీద రీసెర్చ్ గది అన్నీ నా మీదే. అసిస్టెంట్ లైబ్రేరియన్‌ని కదా. దానికి భయం లేదు. పుస్తకాలు నన్ను మాట్లాడమని అడగవు.

భయమల్లా నెలాఖరున జరిగే "పరిశోధన వారం". పోస్టర్లు కూడా అంటించేశారు. జర్నళ్లలో ఎలా వెతకాలి, డేటాబేస్ ఎలా వాడాలి, ఎక్కడి నుంచి తీసుకున్నామో ఎలా రాయాలి అంటూ రోజుకో కార్యక్రమం. చివరి రోజు పిల్లలే తమ ప్రాజెక్టులు చెప్పాలి. మాట్లాడటమంతా ఆయన పని, కుర్చీలు సర్దడం నా పని అనుకున్నాం. ఇన్నేళ్లూ అలాగే నడిచింది.

ఫిబ్రవరి 4, మంగళవారం

వైస్ ప్రిన్సిపాల్ గారు పిలిచారు. మాట మాటకీ గడియారం చూసుకుంటారని పిల్లలు ఆయనకి "అలారం సార్" అని పేరు పెట్టారు.

"మేడ మీద గది పరీక్షల విభాగం వాళ్లు అడుగుతున్నారమ్మా. జవాబు పత్రాలు పెట్టుకోడానికి చోటు లేదట. వారం చివరి రోజు మేనేజ్‌మెంట్ సెక్రటరీ గారే వచ్చి చూస్తారు. పిల్లలు వాడుతుంటే ఉంచుతారు. లేదంటే తాళంచెవి వాళ్లకే." గడియారం చూసుకున్నారు. "ఈసారి మీరే మాట్లాడాలి మరి."

గొంతు బాగోలేదన్నాను. జలుబన్నాను.

ఫిబ్రవరి 6, గురువారం

నా గొంతుకేం, గుండ్రాయిలా ఉంది.

నాకు నత్తి. రాసేశాను. ఇది నా డైరీ, ఎవరూ చదవరు, అయినా ఇన్నాళ్లూ ఇందులో కూడా "గొంతు", "జలుబు", "నీరసం" అనే రాసుకుంటూ వచ్చాను. కాలేజీలో నన్ను నిండు కుండ అంటారు. ఇది మూత బిగుసుకుపోయిన కుండ అని ఎవరికీ తెలియదు.

ప, క, మ. ఈ మూడూ నా శత్రువులు. అందుకే నేను "మంచినీళ్లు" అనను, "దాహం" అంటాను. బస్సులో మా స్టాపు పేరు చెప్పలేక దాని తర్వాతి స్టాపుకి టికెట్ తీసుకుని వెనక్కి నడిచి వస్తాను. ఇప్పుడు వారమంతా చెప్పాల్సిన మాట "పరిశోధన". తలరాత అంటే ఇదే కాబోలు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఉపన్యాసం రాసుకుని బట్టీ పట్టాను. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చెప్పుకుంటే ఒక్క చోట కూడా ఆగలేదు. బయటికొస్తే అత్తయ్య తలుపు దగ్గరే ఉంది.

"ఏంటమ్మాయ్, బకెట్‌కి పాఠం చెబుతున్నావా?"

అత్తయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఊరందరి గొంతులూ విన్న మనిషి. జరిగిందంతా చెప్పాను. సగంలో ఆగిపోయినప్పుడల్లా తను గోడకేసి చూడలేదు, నాకేసే చూసింది.

"నా సర్వీసులో ఒక్కరోజు ఉపన్యాసం చెప్పలేదు నేను" అంది. "అవతల ఎవరో ఎవరికోసమో అడుగుతారు. పేరు సరిగ్గా తెలీదు, నంబరు అసలే తెలీదు. ఆసుపత్రి పక్క వీధిలో మేనమామ అంటారు. విని, ఎవరో పట్టుకుని కలపడమే. నీ పనీ అదే కదా? మధ్యలో ఈ ఉపన్యాసం ఎందుకు?"

ఆవిడకేం, నోరున్న మనిషి. ఎన్నయినా చెబుతుంది.

ఫిబ్రవరి 13, గురువారం

ఉపన్యాసం ఇంకా బాగా వచ్చింది. కుళాయి సన్నగా తిప్పి కూడా చెప్పగలిగాను.

ఫిబ్రవరి 24, సోమవారం

రీడింగ్ హాలు నిండింది. హాజరు వేస్తామని చెప్పి అలారం సార్ అందరినీ తోలుకొచ్చారు. మైకు నా చేతికి ఇచ్చారు.

"పరిశోధన" అనాలి. పెదవులు మూసుకున్నాయి. అంతే, మళ్లీ తెరుచుకోలేదు. మైకులో నా ఊపిరి మాత్రం వినబడుతోంది, ఎవరో బరువు మోస్తున్నట్టు. ఫ్యాన్ తిరుగుతోంది. ముందు వరుసలో ఒకమ్మాయి తల దించుకుంది. వెనక వరుసలో ఒక కుర్రాడు ఫక్కున నవ్వాడు. దాంతో ఇంకొందరు నవ్వారు.

అలారం సార్ లేచి, "మేడం గారికి జలుబు" అని మైకు తీసుకుని ఇంగ్లీషు లెక్చరర్‌కి ఇచ్చారు. పుస్తకాలు ఎంత గొప్పవో ఆవిడ గంటసేపు చెప్పింది. చప్పట్లు కొట్టారు. మిగతా రోజులూ ఆవిడే మాట్లాడేట్టు ఏర్పాటయింది.

అదే నయం. పిల్లలకు మంచి ఉపన్యాసం దొరికింది. నాకేమీ బాధ లేదు.

భోజనం చెయ్యలేదు. ఆకలి లేకనే.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఇవాళ జరిగింది పూర్తిగా రాయాలి.

పొద్దుటి నుంచీ మేడ మీద గదిలోనే ఉన్నాను. కేటలాగు పని ఉందని చెప్పాను. దాక్కోడానికి కేటలాగు అంత మంచిది ఇంకోటి లేదు. మధ్యాహ్నం తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది. నిన్న ముందు వరుసలో తల దించుకున్న అమ్మాయే.

"మేడం, నిన్న ఆ మేడం పుస్తకాలు గొప్పవన్నారు. నేను కాదనలేదు. కానీ నాక్కావాల్సింది ఎలా వెతకాలో చెప్పలేదు" అంది.

వాళ్లమ్మ మరమగ్గాల షెడ్డులో పనిచేస్తుంది. చెవులు దాదాపు వినబడవు. షెడ్డులో పాతవాళ్లందరిదీ అదే పరిస్థితి. వయసు మీద పడిందిలే అంటారట. "మా అమ్మకి నలభై కూడా దాటలేదు మేడం. ఇది వయసు కాదు, మగ్గాల హోరే అని నా అనుమానం. ప్రాజెక్టు అదే తీసుకున్నా. డేటాబేస్‌లో వెతికితే ఏమీ రావట్లేదు. దీని మీద ఎవరూ ఏమీ రాయలేదు కాబోలు, మా లెక్చరర్ టాపిక్ మార్చుకోమంటున్నారు."

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. "మగ్గం, చెవుడు" అని కొట్టింది. నిజంగానే ఏమీ రాలేదు.

"మ" అని మొదలెట్టబోయి ఆగాను. అలవాటు ప్రకారం నా బుర్ర పక్క మాట కోసం పరుగెత్తింది. "నేత" అన్నాను. "నేత అని కొట్టు. చెవుడు తీసెయ్. వినికిడి లోపం. హోరు కాదు, శబ్దం... శబ్ద తీవ్రత. దానికి ముందు... వృత్తి. వృత్తిరీత్యా వచ్చే అని."

కొట్టింది. తెర నిండిపోయింది. ఎక్కడెక్కడి దేశాల్లోని నేత కార్మికుల మీదో జరిగిన పరిశోధనలు. ఎంత శబ్దంలో ఎన్నాళ్లుంటే చెవి ఎలా దెబ్బతింటుందో పట్టికలు. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడి మరీ చదివింది. "ఉంది మేడం! ఇంత ఉంది! నేను వాళ్ల మాటలో అడగలేదంతే!"

తర్వాత నాకేసి తిరిగింది. "మీకు ఒకేసారి ఇన్ని మాటలు ఎలా తడతాయి?"

అప్పుడు చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. "నాకు నత్తి. ఒక మాట రాకపోతే పక్క మాట వెతుక్కుంటాను. చిన్నప్పటి నుంచీ రోజంతా అదే పని." ఇది చెప్పడానికి చాలాసేపు పట్టింది. రెండుచోట్ల పూర్తిగా ఆగిపోయాను కూడా.

ఆ అమ్మాయి ఆలోచించి, "అయితే మేం ఇప్పుడు మొదలుపెట్టిన పరిశోధన మీరు పలక పట్టినప్పుడే మొదలుపెట్టారన్నమాట" అంది.

నవ్వాను. గట్టిగా నవ్వాను. నవ్వడానికి నత్తి అడ్డురాదు.

ఫిబ్రవరి 26, బుధవారం

ఇంగ్లీషు లెక్చరర్ దగ్గరికి వెళ్లి, మిగతా రోజులు నేనే చూసుకుంటానని చెప్పాను. చెప్పడం పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఆగి, నా రెండు చేతులూ పట్టుకుంది. "నా ప్రాణం కాపాడారు! రేపు డేటాబేస్ గురించి ఏం చెప్పాలా అని నిద్ర లేదు. నాకు దాని పాస్‌వర్డ్ కూడా తెలీదు."

హాల్లో మైకు వద్దన్నాను. అందరినీ మేడ మీదికే రమ్మని తలుపు మీద కాగితం అంటించాను. "మీకు దొరకనిది తెచ్చుకోండి. వెతుకుదాం." ఉపన్యాసం కాగితాలు డ్రాయర్‌లో పడేశాను.

నిన్నటి అమ్మాయి స్నేహితులను వెంటేసుకుని వచ్చింది. వాళ్ల వెనక, తలుపు దగ్గర తచ్చాడుతూ, సోమవారం ఫక్కున నవ్విన కుర్రాడు. వీధి కుక్కలు బైకుల వెంట ఎందుకు పడతాయన్నది అతని ప్రాజెక్టు. "కుక్క, బైకు అని కొట్టాను మేడం. కుక్కని బైకు మీద కూర్చోబెట్టే బుట్టలు అమ్ముతామని వచ్చింది."

గదంతా నవ్వింది. నేను ఏదో చెప్పబోయి "క" దగ్గర ఆగిపోయాను. నవ్వు ఆగింది. అందరూ చూస్తున్నారు. ఆ అమ్మాయి మాత్రం తాపీగా పెన్ను మూత తీసి, రాసుకోడానికి సిద్ధంగా కూర్చుంది, మాట ఎలాగూ వస్తుందన్నట్టు. తనని చూసి మిగతావాళ్లూ అలాగే కూర్చున్నారు. మాట వచ్చింది. "కదిలేవాటిని వెంటాడే ప్రవర్తన. అలా వెతుకు."

కుర్రాడికి దొరికింది. ఈల వేశాడు. లైబ్రరీలో ఈల! ఏమీ అనలేదు నేను.

సాయంత్రం ఇంట్లో ఇదంతా చెబుతున్నాను. మా ఆయనకి కళ్లజోళ్ల షాపు ఉంది. నెమ్మదస్తుడు. నేను ఆగిన చోటల్లా మాట అందించేస్తాడు. పెళ్లయిన నాటి నుంచీ అంతే. "కుర్రాడు..." "వచ్చాడా?" "ఈ..." "ఈల వేశాడా?"

"ఆగండి" అన్నాను. "నా మాట నన్ను పూర్తి చెయ్యనివ్వండి."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "సాయం చేస్తున్నాననుకున్నానే ఇన్నేళ్లూ" అన్నాడు, చిన్నబోయి.

"తెలుసు. అందుకే చెప్పలేదు."

అత్తయ్య మజ్జిగ పోసుకుంటూ, "ఒరేయ్, ఇద్దరు మాట్లాడుకుంటుంటే లైన్లోకి దూరకూడదని నీకు చిన్నప్పుడే చెప్పాను" అంది.

తర్వాత నేను చెప్పినదంతా విన్నాడు. రెండుసార్లు నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. పాపం, చాలా కష్టపడ్డాడు.

ఫిబ్రవరి 27, గురువారం

గది నిండింది. మెట్ల మీద కూర్చున్నారు. రాయడానికి తీరిక లేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

రేపు సెక్రటరీ గారు వస్తారు. నాకేమీ భయం లేదు.

ఉంది. కొంచెం కాదు.

అత్తయ్య మంచి బట్టలు ఇస్త్రీ చేస్తోంది. నావనుకున్నాను. కాదు, తనవే. తనూ వస్తుందట.

మార్చి 1, శనివారం

గెలిచాం. ముందు అది రాసేసి, మిగతాది నెమ్మదిగా రాస్తాను.

రీడింగ్ హాల్లో పిల్లలు ఒక్కొక్కరే చెప్పారు. కుక్కల కుర్రాడు చెబుతుంటే సెక్రటరీ గారు కూడా నవ్వాపుకోలేకపోయారు. పెద్దమనిషి, మర్యాదస్తుడు, కానీ ఊరికే పొగిడే రకం కాదు. తర్వాత మగ్గాల అమ్మాయి లేచింది. షెడ్డులో ఏ మూల ఎంత శబ్దం ఉందో కొలిచి తెచ్చింది. ఆ కొలతలను మేం వెతికి తీసిన పరిశోధనల పక్కన పెట్టి చూపించింది. అమ్మ పనిచేసే మూలే అన్నిటికంటే ఎక్కువ హోరు. "ఇది వయసు కాదు" అని చెప్పి కూర్చుంది. ఒక్క లెక్క దగ్గర కూడా తడబడలేదు.

వాళ్లమ్మ మొదటి వరుసలో, మా అత్తయ్య పక్కన కూర్చుంది. షెడ్డులో అరిచి మాట్లాడటం అలవాటు కదా, "ఇది నా కూతురే!" అని అందరికీ వినబడేట్టు అంది. అలారం సార్ వేలు పెదవుల మీద పెట్టి, "అమ్మా, లైబ్రరీ" అన్నారు. ఆమెకి వినబడలేదు. "అవును సార్, నా కూతురే!" అంది మళ్లీ, ఇంకా గట్టిగా.

సెక్రటరీ గారు నాకేసి తిరిగారు. "పిల్లలు బాగా చేశారమ్మా. కానీ ఒక్క సందేహం. ఇవన్నీ ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయిగా. దీనికి ప్రత్యేకంగా ఒక గది దేనికి?"

అలారం సార్ లేచారు. "సార్, మేడం గారికి జలుబు, నేను..."

"జలుబు కాదు సార్" అన్నాను. "నత్తి. నేనే చెబుతాను. కాస్త ఆలస్యమవుతుంది."

ఆయన నెమ్మదిగా కూర్చున్నారు.

చెప్పాను. "ఫోన్లో అన్నీ ఉన్నాయి సార్. ఏమని అడగాలో తెలిస్తే. ఈ అమ్మాయి వాళ్లమ్మకి చెవులెందుకు పోయాయని ఫోన్‌ని అడిగితే, అది చెవిలో వేసే చుక్కల మందు అమ్మబోయింది. ఆ గదిలో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని, ఏ మాటతో అడిగితే జవాబు వస్తుందో వెతికాం. ఆ పని ఒక్కరే చెయ్యడం కష్టం. రోజూ తెరిచి ఉండే చోటు కావాలి, అడిగితే విసుక్కోని మనిషి కావాలి." ఇక్కడ రాసినంత సాఫీగా రాలేదు. "పక్కపక్కన" దగ్గర అయితే పెదవులు అతుక్కుపోయి, ఎంతకీ విడిపడలేదు. పక్క మాట ఒకటి నాలుక చివర సిద్ధంగానే ఉంది. దాన్ని వాడలేదు. ఈ మాటే కావాలి నాకు. మా ఆయన వెనక వరుసలో నిలబడి ఉన్నాడు. షాపు మూసి ఎప్పుడొచ్చాడో! నోరు గట్టిగా బిగించి, గుప్పిళ్లు మూసుకుని, అందించకుండా ఆగాడు. హాలంతా ఆగింది. మాట వచ్చింది.

ఎవరైనా మాట్లాడేలోపు మగ్గాల అమ్మాయి వాళ్లమ్మే లేచింది. "పొద్దుటి నుంచీ ఇంతమంది మాట్లాడారు. అన్నీ గబగబా మింగేశారు, నాకు సగం అందలేదు! నేను పెదాలు చూసి అర్థం చేసుకుంటాను. ఈ తల్లి చెప్పింది మాత్రం ఒక్క ముక్క పోకుండా అందింది!"

అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కళ్లు తుడుచుకుంటున్నట్టుంది. అడిగితే దుమ్మంది.

సెక్రటరీ గారు తాళంచెవుల గుత్తి అడిగారు. తీసి ఇచ్చాను. మేడ మీద గది తాళంచెవి ఒక్కటీ గుత్తిలోంచి తీసి నా చేతిలో పెట్టారు. "ఇది మీ దగ్గరే ఉండాలి. జవాబు పత్రాలు స్టేజీ కింద పెట్టుకోమని చెబుతాను. ఈ కార్యక్రమం ఈ వారమేనా, ప్రతి వారం పెట్టగలరా?"

"ప్రతి వారం" అన్నాను. మొదట్లోనే "ప". అయినా ఆగలేదు. ఆగి ఉంటే కూడా ఫరవాలేదు.

మార్చి 2, ఆదివారం

పెద్ద లైబ్రేరియన్ గారిని చూడటానికి వెళ్లాం. జరిగిందంతా నేనే చెప్పాను. కట్టు కట్టిన కాలు కిందకి దించబోయారు, లేచి నిలబడదామని. వాళ్లావిడ కేకలేసింది.

మార్చి 5, బుధవారం

మొదటి వారం కార్యక్రమం. పిల్లలొస్తారని పది కుర్చీలు సర్దుకుని కూర్చున్నాను. గేటు దగ్గర గోల వినబడితే కిటికీలోంచి చూశాను.

మగ్గాల అమ్మాయి వాళ్లమ్మ. ఆమె వెనక షెడ్డు పొద్దుటి షిఫ్టు వాళ్లు, వరసగా, డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టున్నారు, జుట్ల మీద ఇంకా నూలు పోగులు. అందరూ ఒకేసారి అరిచి మాట్లాడుకుంటున్నారు. వాళ్లకు ఎదురుగా అలారం సార్, చేతులు చాచి.

నేను దిగేసరికి ఆ అమ్మ ఆయనకి వివరిస్తోంది. "చెవులకి ఏం పెట్టుకుంటే హోరు తగ్గుద్దో ఆ పరిశోధనల్లో రాసి ఉందంటగా! ఎవరెక్కడ వాడారో, మా యజమానికి చూపించాలి! మాకూ వెతికి పెట్టమనండి!"

"అమ్మా, ఇది కాలేజీ. బయటివాళ్లకి కాదు" అని అలారం సార్ నావైపు తిరిగారు. "మీరైనా చెప్పండి మేడం. ఇంతమందిని ఎక్కడ కూర్చోబెడతాం? రూల్సు ఒప్పుకోవు."

"రీడింగ్ హాలు బయటివాళ్లకి కూడా అని రూల్సులోనే ఉంది సార్. ఎవరూ రాక మనం మరిచిపోయాం."

"కుర్చీలు లేవు."

"ఆడిటోరియంలో ఉన్నాయి."

"అవి ఫంక్షన్లకి!"

"ఇది ఫంక్షనే."

"ప్రిన్సిపాల్ గారి అనుమతి..."

"అడిగి రండి. ఈలోపు వీళ్లు లోపల కూర్చుంటారు."

ఆయన గడియారం చూసుకున్నారు. నేను చూసుకోలేదు. ఈ నాలుగు మాటలకీ ఎంతసేపు పట్టిందో ఆ షెడ్డు వాళ్లే చెప్పాలి. మధ్యలో రెండుసార్లు పూర్తిగా ఇరుక్కుపోయాను. పోట్లాటలో ఇరుక్కుపోతే ఎదుటివాళ్లు గెలిచేస్తారు. నా జీవితమంతా అలాగే ఓడాను, అక్కచెల్లెళ్లతో, కూరగాయల కొట్టులో, బస్సులో. న్యాయం నాదై ఉండి కూడా, మాట నోటిదాకా వచ్చేలోపు అవతలివాళ్లు వెళ్లిపోయేవాళ్లు.

అలారం సార్ వెళ్లిపోలేదు. ఇంకో కారణం వెతుక్కుంటూ నిలబడ్డారు. దొరకలేదు. చివరికి, "అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అన్నారు.

"కు" దగ్గర ఆగాను. చాలాసేపే ఆగాను. షెడ్డు వాళ్లంతా నా పెదాలకేసే చూస్తున్నారు. ఆయనా చూస్తున్నారు. ఎవరూ కదల్లేదు.

"కుర్చీలు" అన్నాను.

రెండు చేతుల్లో రెండు మోసుకొచ్చారు.